లక్ష రూపాయల స్క్రీన్.. మూడొందల వైరు! ఏజెన్సీ బడుల్లో డిజిటల్ క్లాస్ ఆగేది ఇక్కడేనా?

భద్రాచలం: గోడకు పెద్ద టచ్ స్క్రీన్ ఉంది. టేబుల్ మీద ల్యాప్‌టాప్ ఉంది. కరెంటూ ఉంది. పిల్లలు కూర్చుని ఎదురుచూస్తున్నారు. కానీ స్క్రీన్ మీద మాత్రం ఒకటే మాట.. 'నో సిగ్నల్'. ల్యాప్‌టాప్‌కి ఉన్న సాకెట్ ఒకటి, చేతిలో ఉన్న వైరు ఇంకొకటి. హైదరాబాద్‌లో అయితే పది నిమిషాల్లో తేలిపోయే పని ఇది. చర్లలోనో, దుమ్ముగూడెం అవతల ఊళ్లోనో అయితే ఒక రోజు పోతుంది. చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడా దొరక్కపోతే కొత్తగూడెం, అదీ కాకపోతే ఖమ్మం. అంత దూరం వెళ్లి తెచ్చిన వైరు కూడా తప్పుదే అయితే? ఆ క్లాస్ ఇక ఆ వారం లేనట్టే.

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దీని వెనుక పదేళ్ల కథ ఉంది.

తెలంగాణలో ప్రభుత్వ హైస్కూళ్లలో డిజిటల్ క్లాసులు మొదలైంది 2016 నవంబర్‌లో. అప్పుడు ప్రొజెక్టర్లు, 'కె-యాన్' పరికరాలు వాడారు. కె-యాన్ అంటే కంప్యూటర్, ప్రొజెక్టర్ రెండూ ఒకే పెట్టెలో ఉండేది. 2017లో మన టీవీ పేరు టీ-శాట్‌గా మారింది. శాటిలైట్ పాఠాలు డిష్, సెట్‌టాప్ బాక్స్, టీవీ మీదుగా బడికి వచ్చేవి. కరోనా టైమ్‌లో, 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలే చాలామంది పిల్లలకు బడి. ఆ తర్వాత 2022లో 'మన ఊరు - మన బడి' వచ్చింది. హైస్కూల్ క్లాస్‌రూముల్లోకి ఐఎఫ్‌పీలు, అంటే పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి.

అటువైపు కథ ఇంకోలా నడిచింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఏపీలో కలిశాయి. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక ఇప్పుడు ఏపీ. కూనవరం, చింతూరు, వీఆర్ పురం కూడా అంతే. అక్కడ 'నాడు - నేడు' కింద 6వ తరగతి నుంచి పైకి ఐఎఫ్‌పీలు, ప్రైమరీ స్కూళ్లకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. బోర్డు మీద రాష్ట్రం పేరు మారింది కానీ ఎటపాక వాళ్లకు దగ్గరి బజారు ఇప్పటికీ భద్రాచలమే.

అంటే ఏంటి? ఒకే అడవి అంచున, రెండు రాష్ట్రాల్లో, మూడు తరాల స్క్రీన్లు కలిసి బతుకుతున్నాయి. పాత ప్రొజెక్టర్, సెట్‌టాప్ బాక్స్, కొత్త ప్యానెల్. వీటికి కలపాల్సిన కంప్యూటర్లు కూడా ఒక్క తరానివి కావు. ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్ ఉంటుంది, సార్ తెచ్చుకున్న కొత్త ల్యాప్‌టాప్ ఉంటుంది. స్కీమ్ వచ్చిన ప్రతిసారీ స్క్రీన్ల లెక్క చెప్తారు. మధ్యలో ఉండే వైరు లెక్క ఎవరూ చెప్పరు. అసలు చిక్కు అక్కడే.

నీలం పిన్ను ఇంకా పోలేదు

నీలం రంగు మూతి, రెండు వైపులా స్క్రూలు, లోపల 15 పిన్నులు. అదే వీజీఏ. ఐబీఎం దీన్ని తెచ్చింది 1987లో. ఇక చాలు, 2015కల్లా ఆపేద్దామని ఇంటెల్, ఏఎండీ, శాంసంగ్, ఎల్‌జీ, డెల్, లెనోవో 2010లోనే చెప్పాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో నిజంగానే పోయింది. కానీ బడిలో గోడెక్కిన పాత ప్రొజెక్టర్‌కి ఆ సంగతి తెలియదు కదా!

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. వీజీఏ వెళ్లేది అనలాగ్ సిగ్నల్. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐ పూర్తిగా డిజిటల్. ఈ రెండింటినీ ఉత్త రాగి తీగతో కలపలేం. మధ్యలో ఒక చిప్ ఉండి, డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చాలి. ఒక చివర హెచ్‌డీఎంఐ, ఇంకో చివర వీజీఏ పిన్ను ఉండి లోపల చిప్ లేని వైర్లు కూడా మార్కెట్లో చౌకగా దొరుకుతాయి. పిన్ను సరిగ్గా పడుతుంది. బొమ్మ మాత్రం జన్మలో రాదు. చూపు ఒక్కటే చాలదు కాబట్టి కొనేటప్పుడు షాపులోనే పెట్టి చూపించమనడం మేలు.

ఇంకో విషయం. కన్వర్టర్‌కి దిక్కు ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్ నుంచి పాత ప్రొజెక్టర్‌కి వెళ్లాలంటే 'హెచ్‌డీఎంఐ టు వీజీఏ' కావాలి. పాత డెస్క్‌టాప్ నుంచి కొత్త ప్యానెల్‌కి అయితే 'వీజీఏ టు హెచ్‌డీఎంఐ'. రెండూ వేర్వేరు వస్తువులు. తిప్పి పెడితే పనిచేయవు. రెండో రకానికి సాధారణంగా విడిగా యూఎస్‌బీ నుంచి కరెంటు ఇవ్వాలి కూడా. షాపులో "హెచ్‌డీఎంఐ - వీజీఏ ఇవ్వన్నా" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. "ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉంది, ప్రొజెక్టర్‌కి వీజీఏ ఉంది" అని చెప్తేనే సరైనది వస్తుంది. అంతకంటే తేలికైన పని ఇంకోటుంది. బస్సెక్కే ముందు రెండు సాకెట్లకూ ఫోన్‌లో ఫొటో తీసుకోవడం.

సౌండ్ సంగతి మర్చిపోవద్దు. వీజీఏలో బొమ్మే వెళ్తుంది, మాట వెళ్లదు. కన్వర్టర్‌కి పక్కన హెడ్‌ఫోన్ జాక్ ఉంటే అక్కడి నుంచి స్పీకర్‌కి ఇంకో వైరు లాగాలి. తెలుగు పాఠం మూకీ సినిమాలా నడిచిందంటే కారణం చాలాసార్లు ఇదే.

టచ్ స్క్రీన్‌ని టచ్ చేస్తే ఉలకదు పలకదు

కొత్త ప్యానెల్ వచ్చిన చోట ఇంకో తమాషా. ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో కలిపారు. బొమ్మ వచ్చింది, సౌండ్ వచ్చింది. బోర్డు మీద వేలు పెడితే మాత్రం ఏమీ కదలదు. ప్యానెల్ చెడిపోయిందని కంప్లైంట్ రాసేస్తారు.

నిజానికి ఏమీ చెడలేదు. హెచ్‌డీఎంఐ కంప్యూటర్ నుంచి స్క్రీన్‌కి బొమ్మ, సౌండ్ మాత్రమే తీసుకెళ్తుంది. వేలు ఎక్కడ పడిందన్న సమాచారం స్క్రీన్ నుంచి కంప్యూటర్‌కి వెనక్కి రావాలంటే రెండో వైరు కావాలి. ఒక చివర మామూలు యూఎస్‌బీ, ఇంకో చివర చదరంగా ఉండే పిన్ను, అచ్చం ప్రింటర్ వైరులాంటిది. చాలా ప్యానెళ్లకు 'టచ్' అని రాసి ఉన్న సాకెట్ పక్కనే ఉంటుంది. ఈ వైరు అట్టపెట్టెలోనే వస్తుంటుంది. పెట్టెతో పాటు స్టోర్‌రూమ్‌లోకి వెళ్లిపోయే ప్రమాదం కూడా దానికే ఎక్కువ.

అసలు చాలా పాఠాలకు వైరే అక్కర్లేదు. ఐఎఫ్‌పీ లోపల ఆండ్రాయిడ్ ఉంటుంది. వీడియో, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నేరుగా ప్యానెల్‌కే పెట్టొచ్చు. నెట్ సరిగ్గా లేని ఊళ్లలో ఇదే అన్నిటికంటే నమ్మకమైన దారి.

ఫోన్ నుంచి పెట్టేద్దాం అనుకుంటే..

ఇది ఫోన్‌లో చదువుతున్న వాళ్లకు నేరుగా సంబంధించిన ముచ్చట. ఫోన్‌కి టైప్-సి ఉంది, ఆన్‌లైన్‌లో 'టైప్-సి టు హెచ్‌డీఎంఐ' దొరుకుతోంది, కలిపేస్తే అయిపోతుంది కదా! అవ్వదు. కనీసం ఎక్కువ ఫోన్లలో అవ్వదు.

టైప్-సి అన్నది సాకెట్ ఆకారం పేరు మాత్రమే. 2014లో వచ్చిన ఈ సాకెట్‌లో 24 పిన్నులుంటాయి. వాటిలోంచి ఏం వెళ్తుందనేది కంపెనీ ఇష్టం. ఛార్జింగ్, ఫైళ్ల వరకే ఇచ్చి వదిలేయొచ్చు. వీడియో కూడా వెళ్లాలంటే 'డిస్‌ప్లే పోర్ట్ ఆల్ట్ మోడ్' అనే సౌకర్యం ఉండాలి. బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఇది ఉండదు. ఖరీదైన ఫోన్లలో కొన్నింటికి ఉంటుంది. చౌక ల్యాప్‌టాప్‌లలోనూ ఇదే తంతు. టైప్-సి సాకెట్ పక్కన డీ ఆకారంలో చిన్న గుర్తు గానీ, మెరుపు గుర్తుతో థండర్‌బోల్ట్ గానీ ఉందేమో చూడాలి. లేకపోతే మోడల్ నంబర్ పెట్టి స్పెసిఫికేషన్ చూసుకోవాలి. ఆ తర్వాతే అడాప్టర్ మీద డబ్బులు పెట్టాలి.

వైరు లేకుండా కాస్టింగ్ చేయొచ్చు కదా అనే మాటా నిజమే. మిరాకాస్ట్ లాంటివి వైఫై డైరెక్ట్ మీద నడుస్తాయి కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తాయి. కానీ ఫోన్, ప్యానెల్ రెండింటికీ ఆ సౌకర్యం ఉండాలి. మధ్యలో తెగిపోతే మళ్లీ మొదటి నుంచి. 40 మంది పిల్లల ముందు ఆ ప్రయోగాలు ఎన్నిసార్లు? ఫోన్‌లో ఓటీటీ సినిమా పెడితే కాపీ రక్షణ అడ్డుపడి స్క్రీన్ నల్లగా వచ్చే అవకాశం కూడా ఉంది. అది వైరు తప్పు కాదు.

సెట్‌టాప్ బాక్స్‌ది ఇంకో గొడవ. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుతో నడిచిన పాత బాక్స్‌ని ఆ సాకెట్లు లేని కొత్త స్క్రీన్‌కి పెట్టాలంటే 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' కన్వర్టర్ కావాలి. బాక్స్ వెనకాల హెచ్‌డీఎంఐ ఉందేమో ముందు చూసుకుంటే ఆ ఖర్చూ తప్పుతుంది.

పొడవెంత? ధర ఎంత?

హెచ్‌డీఎంఐ వైరు మీద '8కే', 'బంగారు పూత' అని రాసి రెట్టింపు ధర అడుగుతారు. క్లాస్‌రూమ్‌లో ఫుల్ హెచ్‌డీ వీడియోకి మామూలు 'హై స్పీడ్' వైరు చాలు. జాగ్రత్త పడాల్సింది పొడవు దగ్గర. 4కే బొమ్మ 60 ఫ్రేముల్లో వెళ్లాలంటే 18 గిగాబిట్ల వేగం కావాలి. మామూలు రాగి వైరులో 5 మీటర్లు దాటాక అది కష్టం. చుక్కలు పడటం, బొమ్మ పోయి రావడం మొదలవుతుంది. ప్రొజెక్టర్ సీలింగ్‌కి ఉండి 10, 15 మీటర్లు లాగాల్సి వస్తే రిజల్యూషన్ తగ్గించుకోవాలి, లేదా యాక్టివ్, ఆప్టికల్ వైర్లు తీసుకోవాలి. వాటికీ దిక్కు ఉంటుంది. ఏ చివర కంప్యూటర్‌కి, ఏ చివర స్క్రీన్‌కి అన్నది పిన్ను మీదే రాసి ఉంటుంది. గోడలో పైపు వేసి సిమెంట్ పూశాక తిరగేశామని తెలిస్తే అంతే సంగతులు.

శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో కల్యాణం జరిగేటప్పుడు భక్తుల కోసం పెట్టే పెద్ద ఎల్‌ఈడీ స్క్రీన్లు ఆగవెందుకు? అలాంటి చోట వైర్ల పెట్టె పట్టుకుని మనిషి పక్కనే ఉంటాడు కాబట్టి. బడిలో ఆ మనిషి సైన్స్ సారో, లెక్కల మేడమో.

వాళ్ల చేతిలో డబ్బులెంత? సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంట్ 10 వేలు. 31 నుంచి 100 మంది ఉంటే 25 వేలు. ఏజెన్సీలో చిన్న బడులే ఎక్కువ. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న రిపేర్లు అన్నీ ఇందులోనే. మూడొందల కన్వర్టర్ కొనడానికి ఈ డబ్బు సరిపోదని కాదు. తప్పుది కొని, మళ్లీ ఛార్జీలు పెట్టుకుని భద్రాచలం వెళ్లి మార్చుకురావడానికి ఎవరికీ ఓపిక ఉండదు. స్క్రీన్ మీద గుడ్డ కప్పేసి నల్లబల్ల దగ్గరికి వెళ్లిపోవడమే తేలిక. ఇంట్లో కోయ భాష మాట్లాడి, బడిలో తెలుగు, ఇంగ్లిష్ మీడియం రెండూ ఒకేసారి మోస్తున్న పిల్లాడికి ఆ బొమ్మ కనపడితే వచ్చే తేడా పట్నం పిల్లాడికి వచ్చే తేడా కంటే ఎక్కువ. గుడ్డ కప్పితే పోయేదీ అతనికే ఎక్కువ.

దీనికి కొత్త స్కీమ్ అక్కర్లేదు. ప్యానెల్ టెండర్‌లోనే రెండు కన్వర్టర్లు, ఒక స్పేర్ హెచ్‌డీఎంఐ, ఒక టచ్ వైరు కలిపి రాస్తే చాలు. భద్రాచలం, చింతూరు ఐటీడీఏలు మండలానికో కాంప్లెక్స్ స్కూల్లో ఒక వైర్ల డబ్బా ఉంచినా 60 కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది.

అప్పటిదాకా, బొమ్మ రానప్పుడు షాపుకి వెళ్లే ముందు రెండు పనులు. రిమోట్‌లో 'సోర్స్' లేదా 'ఇన్‌పుట్' నొక్కి వైరు పెట్టిన సాకెట్‌నే ఎంచుకున్నారా చూడండి. ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, 'పీ' కలిపి నొక్కి 'డూప్లికేట్' పెట్టండి. చాలాసార్లు వైరు బాగానే ఉంటుంది, ఈ రెండిట్లో ఒకటి తప్పుతుంది. ఉరుముల వాన మొదలైతే మాత్రం ప్లగ్‌తో పాటు డిష్ వైరు, హెచ్‌డీఎంఐ కూడా పీకేయాలి. పిడుగు దూరంగా పడినా ఆ తీగల్లోంచి వచ్చే షాక్‌కి ముందు పోయేది ఆ సాకెట్లే. వైరు పోతే మూడొందలు. ప్యానెల్‌కి ఉన్న సాకెట్ పోతే బోర్డు మార్చాలి, దానికి మెకానిక్ రావాలి.