తుపాకిమందును గృహభద్రతయు

నల్లపాడు రైలుస్టేషను దాటినతోడనే ఇనుపదారి రెండుగా చీలును. ఒకటి నరసరావుపేట మీదుగా పడమటికిని, వేఱొకటి సత్తెనపల్లి మీదుగా నడికుడికిని బోవును. ఈ దారుల కిరుప్రక్కలను ప్రత్తియు మిరపయు ప్రధానమగు పైరులు. అడవి యంచు పొలములకు పందుల బాధ గలదు. పంటరక్షణకై లైసెన్సు పొంది తుపాకి నుంచుకొనిన రైతులును గలరు. తుపాకి యున్నంతమాత్రమున పందిని గొట్టు హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద వేఱుగ ననుమతి గావలయును. అది యటుండనిండు. నేడు మేము ప్రస్తావింపదలచినది తుపాకిని గూర్చి కాదు. దానికి వలయు మందు, కేపులు రాత్రివేళ ఇంట నెచ్చట నుండుచున్న వనునదియే.

1878 నాటి చట్టముచే పరప్రభుత్వము మనలను నిరాయుధులను జేసినది. నియమములకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కు పౌరునకు గలదని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించినది. స్వతంత్రభారతమున 1959 నాటి చట్టము వచ్చినది. అనుమతి లేక తూటాలు తయారుచేయుట దాని 5వ సెక్షను ప్రకారము నేరము. కావున మా మాటలు అనుమతి గలవారిని గూర్చియే. అట్టివారి తుపాకి నంబరు చూచెదరు, తూటాలు లెక్కించెదరు. మందుడబ్బా పొయ్యికెంత దూరమున నున్నదని యడుగువారు అరుదు.

మందు కూర్చుచున్నంతసేపు మనుష్యుడు జాగరూకుడై యుండును. భోజనమునకు పిలుపు వచ్చును. సగము మందు గిన్నెలోను, కేపులు పళ్లెములోను విడిచి, రేపు చూతమని లేచును. ప్రమాదమునకు అదియే అదను. నల్లని తుపాకిమందు బయలున నున్నను నిప్పురవ్వ సోకిన క్షణమున భగ్గుమనును. పొగరాని మందు బయలున మండిపోవునే గాని, గట్టిగా బిగించిన యినుపపెట్టెలో నంటుకొనిన పెట్టెయే బాంబగును. కేపునకు నిప్పే యక్కఱలేదు, దెబ్బ చాలును. ఒకటి ప్రేలిన ప్రక్కనున్నవియు ప్రేలును. వానిని అంగడినుండి వచ్చిన పెట్టెలోని గళ్ళనుండి తీసి సీసాలో బోసి యుంచుట మృత్యువును సీసాలో బోసి యుంచుటయే.

లేచునప్పుడు మిగిలిన మందు దాని సొంత డబ్బాలో బోసి, పేరు కనబడునట్లు మూత వేయవలయును. రెండు రకముల మందు చూపున కొక్కతీరుగ నుండవచ్చును. పొరపాటున నొకటి కొకటి కూరిన తుపాకిగొట్టము చేతిలోనే పగులును. ఒలికిన రజను మెత్తని కుంచెతో నెత్తివేయవలయును. మందు ఒక కొయ్యపెట్టెలో, కేపులు వేఱొక గదిలో, రెండును తాళము క్రింద, పిల్లల కందనిచోట, చల్లగ తడిలేనిచోట నుండవలెను. పొగరాని మందు పాతబడి ఘాటైన పులుపువాసన గొట్టిన, చెడినదని యెఱుంగవలయును. దానిని నూతిలో బడవేయక పోలీసువారి కెఱిగింప దగును.

మన యిండ్లలో మఱియొక చిక్కు గలదు. ధర వచ్చువఱకు ప్రత్తి వసారాలోనే కుప్పపడి యుండును, ప్రక్కన మిరపటిక్కీలు. చుట్ట కాల్చువారికి కొదవలేదు. ప్రత్తి చేరువను ప్రేలుడుసామగ్రి యుండిన నేమగునో 1944 ఏప్రిల్ 14న బొంబాయి చూచినది. ఫోర్ట్ స్టికీన్ అను నోడలో ప్రత్తిబేళ్లును, సుమారు 1,400 టన్నుల ప్రేలుడుసామగ్రియు కలిసి యుండెను. నిప్పు మొదట ప్రత్తిలో బుట్టినది. సాయంకాలము నాలుగు దాటిన పిమ్మట అరగంట వ్యవధిలో రెండుమార్లు ఓడ ప్రేలి, రేవును, నగరభాగమును నేలమట్టము గావించినది. వందలకొలది జనులును, ఆర్పబోయిన అగ్నిమాపకదళమువారును మడిసిరి. వసారాలోని శేరుమందు ఓడలోని మందు కాకపోవచ్చును. ప్రత్తి మాత్రము ఆ ప్రత్తియే.

ఆ మృతుల స్మారకముగ ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వఱకు అగ్నిమాపక వారోత్సవము జరుపుచున్నారు. మన జిల్లాలలో నది కళ్ళములును గిడ్డంగులును మిరపతో నిండియుండు కాలము. ఆ వారమున పాఠశాలలకును ఆసుపత్రులకును బోవు ఉద్యోగులు లైసెన్సుదారుల గ్రామములకును బోవుదురు గాక. జిల్లా మెజిస్ట్రేటులు మందు, కేపులు దాచు పద్ధతిని తేటతెలుగున నొక పుటపై నచ్చొత్తించి, లైసెన్సు క్రొత్తదిచేయించుకొను ప్రతివానికి చదివి వినిపింపించి సంతకము గైకొనవలయును. ఖర్చు కాగితము ఖరీదే.