బస్తర్‌లో మధుమేహం: రెండు మాత్రలకు ముందు నమ్మదగిన పరీక్ష

టైప్‌-2 మధుమేహం బయటపడగానే ఒక మాత్రతో మొదలుపెట్టి, అది చాలనప్పుడు మరొకటి చేర్చడం ఇన్నాళ్లుగా ఉన్న పద్ధతి. మొదటి నుంచే రెండు మందులు కలిపి ఇవ్వాలన్న వాదన ఇప్పుడు బలపడుతోంది. దానికి ప్రధాన ఆధారం 2019లో ‘లాన్సెట్‌’లో వెలువడిన వెరిఫై అధ్యయనం. 34 దేశాల్లో సుమారు 2,000 మందిని ఐదేళ్లపాటు పరిశీలించారు. మెట్‌ఫార్మిన్‌ ఒక్కటే వాడినవారిలో 62.1 శాతం మందికి తొలి చికిత్స విఫలమైంది. విల్డాగ్లిప్టిన్‌ కలిపి వాడినవారిలో అది 43.6 శాతమే. అయితే అధ్యయనానికి నిధులిచ్చింది ఆ మందు తయారీదారు నోవార్టిస్‌. గుండెజబ్బులు తగ్గుతాయో లేదో తేల్చడం దాని ప్రధాన లక్ష్యం కాదు.

భారత్‌లో విల్డాగ్లిప్టిన్‌ పేటెంట్‌ 2019 చివర్లోనే ముగిసింది. సిటాగ్లిప్టిన్‌ది 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో తీరిపోయాయి. దేశీయ కంపెనీల రాకతో ధరలు బాగా పడిపోయాయి. ఖరీదు అన్న అభ్యంతరానికి మునుపటి బలం లేదు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌ లాంటి చోట ఈ పద్ధతికి మరో కారణమూ ఉంది. అడవి గ్రామాల నుంచి మందు మోతాదు మార్పించుకోవడానికి పదేపదే డాక్టర్‌ దగ్గరకు రావడం కష్టం. ఒకసారి వచ్చినప్పుడే గట్టి చికిత్స మొదలైతే మేలు.

చిక్కు పరీక్ష దగ్గరే వస్తుంది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ, ఎర్ర రక్తకణాల ఆయుష్షు మామూలుగా ఉంటుందన్న లెక్కపై నడుస్తుంది. బస్తర్‌ ఆదివాసుల్లో సికిల్‌సెల్‌ సమస్య ఉంది. ఆ జబ్బులో కణాలు త్వరగా నశిస్తాయి కాబట్టి ఫలితం అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఎక్కువగా కనిపించవచ్చు. ఈ ఒక్క అంకె చూసి రెండో మాత్ర రాసినా, ఆపినా పొరపాటే కావచ్చు. పరగడుపు పరీక్ష, గ్లూకోజ్‌ తాగించి చేసే పరీక్ష ఇక్కడ తప్పనిసరి. బక్కపలచగా ఉన్న యువ రోగిది టైప్‌-2 అని ముందే తీర్మానించడమూ సరికాదు. పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో ‘టైప్‌-5’గా గుర్తించింది.

ఏ రెండు మందులన్నదీ ముఖ్యమే. చౌకగా దొరికే గ్లిమెపిరైడ్‌ వేసుకుని పూట తిండి తప్పితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మిర్చి కోతలకు ఖమ్మం వైపు వచ్చే కూలీకి వేళకు భోజనం దొరుకుతుందన్న హామీ లేదు. విల్డాగ్లిప్టిన్‌ తరహా మందుల్లో ఆ ముప్పు తక్కువ.

2019 అక్టోబరు 2న ఛత్తీస్‌గఢ్‌ ప్రారంభించిన హాట్‌ బజార్‌ క్లినిక్‌ పథకం వైద్యాన్ని వారపు సంతకు తీసుకెళ్లింది. మధుమేహ చికిత్సకు అదే సరైన వేదిక. అక్కడ సికిల్‌సెల్‌ ఫలితం, చక్కెర పరీక్ష ఒకే కార్డులో ఉండాలి. మాత్రలు నెలకు సరిపడా ఇవ్వాలి. కుంట వైపు నుంచి భద్రాచలం ఆస్పత్రికి వచ్చే రోగి చేతిలోనూ అదే కార్డు ఉంటే, సరిహద్దు దాటినంత మాత్రాన చికిత్స మళ్లీ మొదటికి రాదు.