అన్నమేగా, ఏదైతేనేం?

పోయినేడాది మా ప్రాజెక్టులోకి హైదరాబాదు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. నరిత విమానాశ్రయానికి నేనే ఎదురెళ్ళి తీసుకొచ్చా. రైలెక్కాక వాడడిగిన మొదటి ప్రశ్న కోడు గురించీ కాదు, క్లయింటు గురించీ కాదు. "అన్నా, ఇక్కడ తిండి ఎట్లా?" అన్నాడు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టడు. నేను టోక్యో వచ్చింది 2007లో. ఆ అనుభవమంతా మొహాన పులుముకుని, "వీళ్ళూ అన్నం తినేవాళ్ళేరా. అన్నమేగా, ఏదైతేనేం? నాలుగు రోజుల్లో అలవాటైపోద్ది" అన్నా.

నాలుగు నెలలకి వాడు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆఫీసులో మనవాళ్ళందరిదీ ఒకటే మాట, "ఎడ్జస్ట్ కాలేకపోయాడు" అని. వాడు నెలల తరబడి అరటిపళ్ళూ, బ్రెడ్డూ, పాల మీద బతికాడని ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు, ఒప్పుకోవాలి. ఇంటికి పిలిచి పప్పన్నం పెట్టింది రెండుసార్లే. ఇన్నాళ్ళకి అనిపిస్తోంది, తప్పు వాడిది కాదు, ఆ మాట చెప్పిన నాదీ, నాలాంటి 'సీనియర్ల'దీ అని.

అసలు ఆన్‌సైట్ పంపేముందు మనకి ఏం నేర్పుతారు? రెండు వారాలు జపనీసు భాష. విజిటింగ్ కార్డు రెండు చేతుల్తో ఇవ్వాలని, ఎవరికి ఎంత వంగాలో, లిఫ్టులో ఎక్కడ నిలబడాలో... అన్నీ చెప్తారు. తిండి దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క స్లైడు. 'ఇండియన్ రెస్టారెంట్లు కలవు'. ఉన్నాయి, ఎందుకు లేవు? చాలావరకు నేపాలీ సోదరులు నడిపేవి. దొరికేది నానూ, బటర్ చికెనూ. మా తెనాలి వాడికి నాన్ కూడా విదేశీ భోజనమే మహాప్రభో :)

సరే, 'అన్నమేగా' అన్న మాట ఎందుకు తప్పో చూద్దాం. మన బియ్యం, ఉదాహరణకి బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి (అదేనండీ, బీపీటీ 5204), వండితే పొడిపొడిగా విడిపోతుంది. జపాను బియ్యం పొట్టి గింజ, ముద్దగా అంటుకుంటుంది. గింజలో అమైలోజ్ అనే పిండిపదార్థం పాళ్ళని బట్టి ఈ తేడా వస్తుంది. అది ఎక్కువుంటే పొడిగా, తక్కువుంటే జిగురుగా. అంతవరకూ సైన్సు. కానీ దాన్నిబట్టి తినే పద్ధతే మారిపోయింది. మన అన్నం పప్పునీ, చారునీ పీల్చుకోడానికి పుట్టింది. వీళ్ళ అన్నం పుల్లలతో ముద్ద తీసుకుని నమలడానికి పుట్టింది. గిన్నెలో తెల్లన్నం తెల్లగానే ఉండాలి, కూరలు పక్కన విడిగా. తెల్లన్నం మీద సోయా సాస్ పోసుకోవడం మర్యాద కాదు. (అన్నం మీద కూర పోసే దొన్‌బురి, కర్రీ రైస్ ఉన్నాయి, కాదనను. కానీ రోజువారీ భోజనం విడివిడే.)

మనకి ఇంటి తిండి మీద బెంగ అంటే కారం మీద బెంగ అనుకుంటాం. నాకైతే అది కాదు. కారప్పొడి సూట్‌కేసులో వస్తుంది. బెంగంతా కలుపుకోవడం మీద. వేళ్ళతో ముద్ద కలిపి, నెయ్యి చుక్క వేసుకుని, ఇంకొంచెం పప్పు లాక్కుని కలిపే ఆ పని ఉంది చూశారూ, అది ఏ హోటల్లోనూ అమ్మరు.

ఇహ శాకాహారి సంగతి. మాంసం లేదంటే సరిపోదు ఇక్కడ. దాషి అని ఒకటుంది. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన కత్సువో చేప చెక్కులు వేసి తీసే రసం. మనకి తిరగమోత ఎంతో వీళ్ళకి ఇది అంత. మిసో సూపులో అదే, సోబా పులుసులో అదే, ఉడికించిన కూరగాయల్లో అదే. 1908లో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు రుచి గుట్టు విప్పి, 'ఉమామి' అని పేరు పెట్టింది కూడా ఈ దాషి గురించి ఆలోచించే. పైకి కనబడేది గుమ్మడికాయ ముక్క, లోపల చేప రసం! పోనీ కర్రీ రైస్ అని బోర్డు చూసి సంబరపడితే, దాంట్లో వేసే మసాలా బిళ్ళల్లో చాలావాటిలో పంది కొవ్వో, గొడ్డు కొవ్వో ఉంటుంది. ఇవేవీ ఆ కుర్రాడికి మేం చెప్పలేదు. మొదటి నెలలో సూపు తాగేసి, తర్వాత సంగతి తెలిసి, ఇంక బయట దేన్నీ నమ్మడం మానేశాడు. అది ఎడ్జస్ట్ కాకపోవడమా, మోసపోవడమా?

మనలో రెండు పార్టీలున్నాయి. ఒకటి 'ఎక్కడికెళ్తే అక్కడి తిండి తినాలోయ్' పార్టీ. వీళ్ళకి పప్పు అడిగేవాడంటే చులకన. రెండోది నిషికసాయి పార్టీ. తోజాయ్ లైన్లో మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది. కందిపప్పు, చింతపండు, ఇంగువ అన్నీ దొరుకుతాయి. పొద్దున్నే వండుకుని డబ్బా పట్టుకెళ్తే గొడవే లేదంటారు.

నేను మొదటి ఏడాదంతా రెండో పార్టీనే. డబ్బా తెచ్చుకుని నా డెస్కు దగ్గరే తినేవాణ్ణి. పన్నెండు కొట్టగానే టీమంతా గుంపుగా కిందికి పోయేది. మైక్రోవేవులో నా మెంతికూర పప్పు వాసనకి ఎవరూ ఏమీ అనలేదు. జపాను వాళ్ళు ఏమీ అనరు, అదే కదా బాధ! కొన్నాళ్ళకి తెలిసిందేంటంటే, మీటింగులో నోరు విప్పని వాళ్ళు లంచిలో అన్నీ మాట్లాడుకుంటారు. స్పెసిఫికేషన్ మారబోతోందని అందరికీ తెలిశాక మర్నాడు నాకు మెయిలొచ్చేది. డబ్బాతో కడుపు నిండింది గానీ, ఏడాది పాటు ఆ టీములో నేను మనిషిని కాదు, ఒక మెయిల్ ఐడీని.

మా టీములో అరవై దాటిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఆ కుర్రాడు వెళ్ళిపోయాక ఒకరోజు ఆయనతో ఈ మాటే వస్తే, 1993 సంగతి చెప్పారు. ఆ వేసవి చలికి పంట దెబ్బతిని జపానులో బియ్యం కరువొచ్చింది. ప్రభుత్వం థాయిలాండ్, చైనా, అమెరికాల నుంచి 20 లక్షల టన్నులకు పైగా దిగుమతి చేసింది. థాయి బియ్యం పొడవు గింజ, పొడిపొడిగా ఉంటుంది. అంటే మన బంధువే! జనం తినలేకపోయారు. షాపుల్లో జపాను బియ్యం కావాలంటే థాయి బియ్యం కూడా కొనాల్సిందేనని జతచేసి అమ్మారట. కొందరు పారేశారు కూడా. "మేం మా దేశంలో ఉండే ఎడ్జస్ట్ కాలేకపోయాం, ఆ పిల్లాడిని ఏమనగలం?" అన్నారాయన. ఆయనే బెంగళూరు వచ్చినప్పుడు సూట్‌కేసులో మిసో సూపు పొట్లాలూ, ఉమెబొషీ పట్టుకొచ్చారని నవ్వుతూ ఒప్పుకున్నారు.

ఇప్పటికీ అంతే. 2025లో ఇక్కడ బియ్యం ధర చుక్కలంటి, 5 కిలోల సంచి సగటున 4,000 యెన్లు దాటింది. "నేనెప్పుడూ బియ్యం కొన్లేదు, అభిమానులే ఇస్తారు" అన్నట్టు మాట్లాడిన వ్యవసాయ మంత్రి తకు ఎతో ఆ మే నెలలో రాజీనామా చేయాల్సొచ్చింది. అన్నం మీద పట్టింపు మనకొక్కళ్ళకే కాదన్నమాట.

ఉమెబొషీ అన్నాను కదా. నాకు దారి చూపించింది అదే. ఉమె కాయల్ని జూన్‌లో ఉప్పులో ఊరేసి, వానలు వెలిశాక మూడు రోజులు ఎండలో ఆరబెడతారు. చదువుతుంటే మీకేం గుర్తొస్తోంది? మా అమ్మ డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెట్టడం గుర్తు రావట్లా? మెంతులూ, నూనే, కారం ఉండవు గానీ ఆ ఉప్పూ, పులుపూ మనవే. దాన్ని పెట్టిన అన్నం ముద్దే ఉమె ఒనిగిరి. అది చేతిలో పట్టుకుని మొదటిసారి టీముతో పాటు కిందికెళ్ళా. పప్పు రుచి వెతక్కుండా, అన్నాన్ని అన్నంలాగే నమిలా. నిజం చెప్పొద్దూ, తియ్యగా, బాగుంది.

కాబట్టి నా మట్టుకు నా అభిప్రాయం ఇది. ఇంటి తిండి మానక్కర్లేదు, బెంగపడినందుకు సిగ్గూ అక్కర్లేదు. కానీ వాళ్ళ తిండిలో ఒక్కటైనా వాళ్ళు తినే పద్ధతిలో తినడం నేర్చుకోవాలి, మన దానికి నకలుగా కాదు. ఇక కొత్తగా వచ్చేవాళ్ళకి అబద్ధం చెప్పకూడదు. శాకాహారులకి ముందు నేర్పాల్సిన మాట 'కొన్నిచివా' కాదు, 'దాషి'. పొట్లం మీద కత్సువో అన్న అక్షరాలు గుర్తుపట్టడం నేర్పాలి (ఉమె ఒనిగిరి పొట్లాల మీద కూడా చూడాల్సిందే). బౌద్ధ ఆలయాల షోజిన్ వంటలో చేప లేకుండా కొంబూ, పుట్టగొడుగులతోనే దాషి తీస్తారని కూడా చెప్పాలి. దారి ఉంది, చూపించేవాళ్ళే లేరు.

మొన్నామధ్య విజయవాడ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మళ్ళీ అదే రైలు, అదే ప్రశ్న. "కష్టంగానే ఉంటుందమ్మా" అన్నా. "ఏది కష్టమో చెప్తా, రాసుకో. ఈ ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. సోమవారం మా టీముతో లంచికి పోదాం."

ఆ కుర్రాడికి కూడా ఈ మాటే చెప్పుండాల్సింది.