అద్దె తగ్గిస్తే నాకేమొస్తుంది?

ఎన్టీఆర్ జిల్లాలో రెడ్డిగూడెం చుట్టూ మామిడి తోటలే. అలాంటి మండల కేంద్రంలో టైలరింగ్ షాపైనా, సెల్‌ఫోన్ల రిపేరు కొట్టయినా, టిఫిన్ సెంటరైనా సగం బేరం కాపుని బట్టే ఉంటుంది. కాపు బాగుంటే జనం చేతుల్లో డబ్బాడుతుంది. లేదంటే గల్లాపెట్టె బోసిపోతుంది. కాపుతో నిమిత్తం లేకుండా నెలనెలా ఠంచనుగా వచ్చేది ఒక్కటే... షాపు అద్దె!

'ఓ వెయ్యి తగ్గించండి' అని షాపు ఓనరును అడిగి చూడండి. 'తగ్గిస్తే నాకేమొస్తుంది?' అంటాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అప్పు చేసి ఆ గదులు వేసినవాడు లెక్క చూసుకోవద్దూ!

మరి మన చట్టం అతనికేమిస్తోంది? ఆదాయపు పన్ను లెక్కలో, కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఉంది. చౌకగా ఇచ్చినా, ముక్కుపిండి వసూలు చేసినా అదే 30. పైగా ఓ మెలిక. ఆ చోట మామూలుగా రావాల్సిన అద్దె, నిజంగా చేతికొచ్చిన అద్దె... రెండింట్లో ఏది ఎక్కువైతే దానిమీదే లెక్క. అంటే, జాలిపడి తగ్గించినవాడు తీసుకోని అద్దెకూ పన్ను కట్టాల్సి రావచ్చు! ఇక ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఆస్తిపన్నును అద్దెను బట్టి కాక ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. అద్దె తగ్గించినా అందులో పైసా తగ్గదు.

కరోనా కాలంలో దక్షిణ కొరియా వేరేలా ఆలోచించింది. చిన్న వ్యాపారులకు అద్దె తగ్గించిన ఓనర్లకు, తగ్గించిన దాంట్లో సగం పన్నులో మినహాయిస్తామని 2020లో ప్రకటించింది. 2021లో దాన్ని 70 శాతం దాకా పెంచింది. ఆ లెక్కన ఏడాదికి 12,000 వదులుకుంటే 8,400 పన్నులో కలిసొస్తాయి. అసలు నష్టం 3,600 మాత్రమే. ఎంత వదులుకుంటే అంత రాయితీ అన్నమాట.

ఇది విజయవాడలో పనిచేస్తుంది. రెడ్డిగూడెంలో? 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా మామూలు ఆదాయంపై పన్నే లేదు. రెండు గదుల అద్దెతో బతికేవాడికి కట్టని పన్నులో రాయితీ ఏమిస్తారు? మిగిలింది పంచాయతీ ఇంటి పన్నే. అది చిన్నదే కావచ్చు. కానీ దానికి కొన్ని షరతులు జోడిస్తే పెద్దపనే చేస్తుంది. మూడేళ్లకు రాసుకున్న కాగితం, నెలనెలా రసీదు, అడ్వాన్సు పేరుతో లాగకపోవడం... ఇవి పాటించిన ఓనరుకి ఇంటి పన్ను తగ్గించాలి. ఆ మేరకు పంచాయతీకి పడే లోటును ప్రభుత్వం పూడ్చాలి. లేకపోతే ఆ భారం వీధిదీపాల మీదా, మురుగుకాలవల మీదా పడుతుంది.

ఈలోగా ఒక లెక్క మనమే వేసుకోవచ్చు. 5,000 అద్దె వచ్చే గది మూడు నెలలు ఖాళీగా ఉంటే పోయేది 15,000. నెలకు వెయ్యి తగ్గించి, ఉన్నవాళ్లనే ఏడాదంతా ఉండనిస్తే పోయేది 12,000. మీరు షాపు నడిపేవారైతే, ఈసారి తగ్గించమని బతిమాలకండి. ఈ లెక్క కాగితం మీద వేసి ఓనరుకు చూపించండి.