స్వర్ణయుగం చెక్కు ఎప్పుడొస్తుందండీ?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం ‘గగనంలో స్వర్ణయుగం’ అని అరపేజీ వేశారు. 156 ప్రచండ్ హెలికాప్టర్లు, 62,700 కోట్ల ఒప్పందం, 250కి పైగా దేశీయ కంపెనీలకు పని, 8,500 మందికి ఉపాధి. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. రక్షణశాఖ ప్రకటనలోంచి దించినవే కదా, తప్పెలా పోతాయి! వాటి చివర ‘చిన్న పరిశ్రమల పంట పండింది’ అని మీ విలేకరి సొంతంగా తగిలించిన మాట దగ్గరే నాకు మండింది.

బాలానగర్‌లో నాకు రెండు వీఎంసీ మెషిన్లున్న (కంప్యూటర్‌తో లోహాన్ని చెక్కేవి) షాపు ఉంది. ఆ 250లో మేం లేం. వాళ్లలో ఒకరికి సప్లై చేసేవాడికి సప్లై చేస్తాం. నిరుడు హెలికాప్టర్‌కి వాడే బుష్‌లు 62 చేయమని ఆర్డరొచ్చింది. గుప్పిట్లో పట్టే ముక్క. లోపలి బోరులో 15 మైక్రాన్లు మించి తేడా వస్తే స్క్రాపే. మా సెట్టర్ ప్రతి ముక్కనీ ఏసీ గదిలో చల్లారబెట్టాక గానీ కొలవనిచ్చేవాడు కాదు. మెటీరియల్ ఏ హీట్‌లో పోశారో దానికో సర్టిఫికెట్. కోటింగ్ షాపులు మా సందులోనే ఉన్నా, ఆమోదం ఉన్నచోటే వేయించాలని బెంగళూరుకి పంపాం. ముక్కలకన్నా కాగితాలే బరువైన ఆ పెట్టె చేరిన మూడు వారాలకి ఫోను: ‘సార్, డ్రాయింగ్ రివిజన్ మారింది, కాలర్ మందం అర మిల్లీమీటరు పెరిగింది.’ తగ్గించమంటే తగ్గిస్తాం, అతికించమంటే ఎలాగండీ?

పాత డ్రాయింగ్ ఇచ్చింది మీరే, డబ్బులివ్వండి అంటే ‘పైనుంచి రాలేదు’ అంటారు. ఆ పైవాడిదీ అదే పాట. చిన్న సంస్థలకి 45 రోజుల్లో చెల్లించాలని 2006 నుంచి చట్టముంది. ఇలాంటి బకాయిల కోసమే ఉన్న సమాధాన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టమంటాడు మా ఆడిటరు. పెడతాను. మళ్లీ ఆర్డరు ఆయనిస్తాడా?

కొత్త ప్రచండ్‌ల డెలివరీ మొదలయ్యేదే మూడో ఏడాది నుంచి. ఆ పని అందుకోవాలంటే మెషిను మాత్రం ఇప్పుడే కొనాలి, ఈఎంఐ వచ్చే నెల నుంచే. పెద్దవాళ్లకి ముట్టే అడ్వాన్సు మా మెట్టుదాకా దిగదు. 2025 జనవరిలో పోర్‌బందర్‌లో ధ్రువ్ హెలికాప్టర్ కూలిన తర్వాత ధ్రువ్‌లన్నీ నెలల తరబడి నేల మీదే ఉన్నాయి. ప్రాణాలు పోయాయి, ఆపడం న్యాయమే. కానీ ఆ నెలల్లో మా ఆర్డర్లూ ‘హోల్డ్’లో పడ్డాయి. జీతాలకి హోల్డ్ ఉండదుగా!

అన్నట్టు, ప్రచండ్ అని మీరు వేసిన ఫొటో ధ్రువ్‌ది. ప్రచండ్‌లో పైలట్లు ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. సైనికులు ఎక్కే పక్కతలుపులు దానికి ఉండవు. ఎనిమిదో తరగతి చదివే మా మనవడు ఇడ్లీ తింటూ పట్టేశాడు. పక్కనున్న ఆదిబట్లలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. అలాంటి ఊళ్లో అచ్చయ్యే పత్రికకి ఈపాటి తేడా తెలియదా? మాకు అర మిల్లీమీటరుకి బిల్లు ఆగింది. మీరు హెలికాప్టరునే మార్చేసినా ఎవరూ అడగరు.

పంట పండిందో లేదో రాసేముందు మీ విలేకరిని ఒకసారి మా షాపుకి పంపండి. ఆ 62 బుష్‌లూ పాత పెయింటు డబ్బాలో ఉన్నాయి. ఒకటి తీసుకెళ్లి బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టుకోమనండి. సర్టిఫికెట్లన్నీ జతచేసే ఇస్తాను.

ఇట్లు,
ఒక వర్క్‌షాపు యజమాని,
బాలానగర్, హైదరాబాద్