పరిశోధన సొమ్ము ప్రజలది, కుర్చీలు కంపెనీలవా?

వ్యవసాయ పరిశోధనకు ప్రభుత్వం పెట్టే డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. పురుగుమందు డబ్బా కొన్నా, ట్రాక్టరు టైరు కొన్నా మనం పన్ను కడుతున్నాం. ఆ సొమ్ముతో ఏ పంట మీద పని చేయాలి, ఏ తెగులు సంగతి చూడాలి, దేన్ని పక్కన పెట్టాలి అని తేల్చేది నిపుణుల మండళ్ళు, సలహా కమిటీలు. మద్దతు ధర ఎంత ముఖ్యమో ఆ కమిటీల్లో ఎవరు కూర్చుంటున్నారన్నదీ మనకు అంతే ముఖ్యం. పదేళ్ళ తర్వాత మన చేలో ఏ విత్తనం పడుతుందో ఈరోజు అక్కడే నిర్ణయమైపోతుంది.

2023 ఆగస్టులో పార్లమెంటు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేసింది. శాస్త్ర పరిశోధనకు దారి చూపి, నిధులిచ్చే సంస్థ ఇది. దాని పరిధిలో వ్యవసాయం కూడా ఉందని చట్టంలోనే రాశారు. 2023 నుంచి 2028 దాకా 50,000 కోట్ల రూపాయలు ఖర్చు చేస్తామన్నారు. అందులో ప్రభుత్వం పెట్టేది 14,000 కోట్లు. మిగతా 36,000 కోట్లు పరిశ్రమలు, ప్రభుత్వరంగ సంస్థలు, దాతల నుంచి రావాలట. పాలకమండలికి అధ్యక్షుడు ప్రధానమంత్రి. వ్యాపార సంస్థలు, పరిశ్రమల నుంచి అయిదుగురి వరకు సభ్యులుగా తీసుకోవచ్చని చట్టం చెబుతోంది. రైతు ఒక్కరైనా ఉండాలన్న మాట మాత్రం అందులో లేదు. పరిధిలో వ్యవసాయం ఉంది, పంక్తిలో రైతు లేడు!

ఇది కొత్త పోకడ కాదు. 2005లో భారత్, అమెరికా ప్రభుత్వాలు వ్యవసాయ పరిశోధన, విద్య మీద ఒప్పందం చేసుకున్నప్పుడు దాని బోర్డులో అమెరికా తరఫున మోన్‌శాంటోకు, వాల్‌మార్ట్‌కు చోటిచ్చారు. 2023లో మన భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, జూన్‌లో అమెజాన్‌తో, సెప్టెంబరులో బేయర్‌తో అవగాహన ఒప్పందాలు చేసుకుంది.

కంపెనీలు చెడ్డవి కాబట్టి వద్దంటున్నామా? కాదు. కంపెనీకి కావలసింది ఏటా అమ్ముడుపోయే సరుకు. ఒకసారి కొని, ఇంట్లో దాచుకుని, మళ్ళీ వేసుకునే విత్తనంతో దానికి గిట్టుబాటు లేదు. మనకు గిట్టుబాటయ్యేది అదే. మారుటేరు కేంద్రం 1982లో స్వర్ణ ఇచ్చింది. బాపట్ల కేంద్రం 1986లో సాంబ మసూరి ఇచ్చింది. రెండూ సర్కారు సొమ్ముతో, సర్కారు శాస్త్రవేత్తల చెమటతో పుట్టాయి. రైతు నుంచి రైతుకు గింజలు చేతులు మారి దేశమంతా పాకాయి. వ్యవసాయ పరిశోధన మీద పెట్టిన ప్రతి రూపాయికీ 13.85 రూపాయల ఫలితం వస్తోందని కేంద్ర ప్రభుత్వ 2023-24 ఆర్థిక సర్వేయే చెప్పింది. మన పోరు శాస్త్రంతో కాదు, శాస్త్రవేత్తలతో అసలే కాదు. ఆ పదమూడు రూపాయలు ఎవరి జేబులోకి పోవాలన్నదే తగాదా.

"సైన్సు సంగతి రైతుకేం తెలుసు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రయోగం ఎలా చేయాలో చెబుతామని మనం అనడం లేదు. అది వారి విద్య. ఏ కష్టానికి మందు కావాలో చెప్పేది మాత్రం ఆ కష్టం పడేవాడే. 2021లో మిరపను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. కోతుల, అడవి పందుల బెడదకు పంటలే మానుకున్న ఊళ్ళున్నాయి. పత్తి తీసే ఆడకూలీల నడుములు విరుగుతున్నాయి. కౌలు రైతుకు తక్కువ పెట్టుబడి వంగడం కావాలి. వీటిలో దేనికి ముందు డబ్బివ్వాలో తేల్చే చోట వీటిని అనుభవించే మనిషి లేకపోతే ఎలా?

ఒక ఉదాహరణ చూడండి. 2025 మేలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి సాంబ మసూరి నుంచి, మరొకటి ఎంటీయూ 1010 నుంచి చేశారు. రెండూ మన గడ్డ మీద పుట్టిన వంగడాలే. జన్యు సవరణకు వాడే క్రిస్పర్ పద్ధతి మీద విదేశీ సంస్థలకు పేటెంట్లున్నాయి. అలాంటప్పుడు ఈ విత్తనాన్ని రైతు దాచుకోవచ్చా, పక్కవాడికి ఇవ్వొచ్చా? రకం విడుదలయ్యాక అడగాల్సిన ప్రశ్న కాదిది. నిధులు మంజూరు చేసిన రోజే అడగాలి. ఆ గదిలో రైతు ఉంటే మొదట అడిగేది ఇదే.

ఐసీఏఆర్ సంస్థల సలహా కమిటీల్లో రైతుల తరఫున ఇద్దరున్నారు కదా అంటారు. ఉన్నారు. కానీ వారిని పైనుంచి నామినేట్ చేస్తారు. మనం ఎన్నుకున్నది కాదు, మనకు జవాబుదారీ కాదు.

అవకాశమిస్తే పల్లె జనం ఎంత లోతుగా ఆలోచిస్తారో 2001లో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో జరిగిన ప్రజాతీర్పు చూపించింది. ఎక్కువమంది మహిళలైన సన్న, చిన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల తరఫువారు చెప్పింది విన్నారు, ఎదురు ప్రశ్నించారు. అప్పటి ప్రభుత్వ విజన్ 2020 వ్యవసాయ ప్రణాళికను కాదన్నారు. ఆ పనికి వారికి కావలసి వచ్చింది డిగ్రీలు కాదు, సమాచారం, సమయం, గౌరవం.

అందుకే మన డిమాండ్లు ఇవి. వ్యవసాయానికి నిధులిచ్చే ప్రతి మండలిలో మూడో వంతు సీట్లు రైతులకు ఇవ్వాలి. అందులో సగం మహిళలకు, తప్పనిసరిగా కౌలు రైతులకు, మెట్ట రైతులకు చోటుండాలి. వారిని రైతు సంఘాలే ఎంపిక చేయాలి. ప్రతి సభ్యుడూ ఏ కంపెనీతో తనకు సంబంధముందో ముందే రాసివ్వాలి. నిర్ణయాలు తెలుగులో ప్రచురించాలి.

ఢిల్లీ దూరమని ఊరుకోవద్దు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సీజన్లకు ముందు జోన్ల వారీగా పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలు జరుపుతాయి. ఈసారి ప్రతి మండల కమిటీ తమ ప్రాంతంలో పరిశోధన కావలసిన మూడు సమస్యలు రాసి, సంతకాలు పెట్టి, దగ్గరలోని పరిశోధనా కేంద్రంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. సమావేశానికి పిలవమని గట్టిగా అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు. ఇక్కడ అడుగుతున్నది మన సొమ్ము గురించే!