1991లో చనిపోయిన ప్రముఖులు ఎవరు?

ఏటా డిసెంబరు ఆఖర్న పేపర్లు ఒక జాబితా వేస్తాయి. ఈ ఏడు కన్నుమూసిన ప్రముఖులు అని. మంత్రులు, సినిమావాళ్లు, పేరున్న రచయితలు, ఆటగాళ్లు. కొన్నాళ్లకు అదే జాబితా జనరల్ నాలెడ్జి పుస్తకంలోకి ఎక్కుతుంది. డీఎస్సీకో, గ్రూప్ టూకో చదువుకునే మన పిల్లలు దాన్ని బట్టీ పడతారు. బళ్లో ప్రార్థన అయ్యాక చదివించే జయంతులు, వర్ధంతులు కూడా అందులోంచే వస్తాయి. పాఠాలు చెప్పుకుని బతికే మాకు ఈ జాబితాలతో రోజూ పని. అందుకే అడుగుతున్నాం. ఫలానావాడు ప్రముఖుడు అని ముద్ర వేసేది ఎవరు? ఏ కొలతతో వేస్తున్నారు?

1991 సంవత్సరాన్నే తీసుకుందాం. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని బాంబు పేల్చి చంపారు. ఆ పేరు జాబితాలో మొదట ఉంటుంది. ఉండాల్సిందే, మాకు పేచీ లేదు. సెప్టెంబరు 28న భిలాయిలో కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆయన ఎవరో మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఈ రెండు చావుల మధ్య, ఆగస్టు 6న, తెనాలి పక్కన చుండూరులో ఎనిమిది మంది దళితులను పట్టపగలు వెంటాడి నరికారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. మేం చూసిన ఏ జాబితాలోనూ వాళ్లు లేరు. అందుకని మేమే రాస్తున్నాం. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు పైకి చదివి వినిపించండి.

జాలాది మత్తయ్య. జాలాది ఇమ్మానియేలు. జాలాది ఐజాక్. మల్లెల సుబ్బారావు. సంకూరు సంసోను. దేవరపల్లి జయరాజు. మండ్రు రమేష్. అంగలకుదురు రాజమోహన్.

సెప్టెంబరులో అదే ఊళ్లో పోలీసు కాల్పుల్లో పోయిన కుర్రాడు అనిల్ కుమార్ తొమ్మిదోవాడు.

"పాపం, వాళ్లు చంపబడ్డవాళ్లు. ప్రముఖులెట్టా అవుతారు మాస్టారూ?" అని అడిగేవాళ్లున్నారు. బయటివాళ్లే కాదు, మనవాళ్లలోనూ ఉన్నారు. సరే, చెబుతాం వినండి.

చుండూరు దళితులు చదువుకున్నారు. రైలు పట్టాలు పక్కనే ఉన్నాయి గనుక కొందరు రైల్వేలో ఉద్యోగాలకెక్కారు. దొరగారి పొలం తప్ప దిక్కులేదనే రోజు పోయింది. చేతులు కట్టుకు నిలబడే అలవాటూ పోయింది. పెత్తందార్లకు కంటగింపు అక్కడే మొదలైంది. 1991 జులైలో తెనాలి సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా ఒక వంక మాత్రమే. ఆ తర్వాత ఊరు ఊరంతా దళితులను వెలివేసింది. కూలిపని బందు. అయినా మనవాళ్లు కాళ్లబేరానికి పోలేదు. వాళ్లు చేసిన నేరం అదొక్కటే. అంబేడ్కర్ శతజయంతి సంవత్సరం ముగిసి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. ఆయన బొమ్మకు దండలు వేసిన దేశంలోనే ఆయన చెప్పినట్టు తలెత్తుకు నిలబడ్డవాళ్లను నరికేశారు. తలెత్తుకు నిలబడటం గొప్ప పని కాకపోతే మరేది గొప్ప పని?

ఇంకో సంగతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీదున్న ఆ చట్టాన్ని పట్టుకుని చుండూరు బాధితులు పోరాడారు. కూలికి పోతేగాని పొయ్యి వెలగని సాక్షులు దూరపు కోర్టుల చుట్టూ తిరగలేరు, కోర్టే మా ఊరు రావాలన్నారు. వచ్చింది. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టటం ఆ చట్టం కింద అదే మొదటిసారి. 2007 జులై 31న తీర్పు చెప్పారు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. పదహారేళ్లపాటు బెదిరింపులకు, ఆశలకు లొంగక సాక్ష్యం చెప్పిన ఆడవాళ్లు, మగవాళ్లు ఆ తీర్పును సంపాదించారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు దాన్ని కొట్టేసింది. సాక్ష్యం చాలదంటూ అందర్నీ వదిలేసింది.

ఇక మిగిలిందేమిటి? చంపినవాళ్ల పేర్లు లేని తీర్పు, చచ్చిపోయినవాళ్ల పేర్లు లేని జాబితా. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. యాభై ఏళ్లు పోతే ఎనిమిది మంది ఎవరికి వారే చచ్చిపోయారనుకోవాలి. మొదటిదాన్ని మార్చటం న్యాయస్థానాల పని. రెండోదాన్ని మార్చటం మన చేతుల్లోనే ఉంది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపిన కారంచేడు, 1991 నాటి చుండూరు, రెండూ ఆ ఒక్క జిల్లాలోకే వచ్చాయి. మా జిల్లా గొప్ప ఏమిటని పిల్లలు అడిగితే సూర్యలంక సముద్రం, భావనారాయణస్వామి గుడి, భట్టిప్రోలు స్తూపం అని చెబుతున్నాం. చెప్పాల్సిందే. కారంచేడు, చుండూరు చెప్పకుండా ఊరుకుంటే మాత్రం అది సగం పాఠమే.

"ఊళ్లో ఇప్పుడంతా సర్దుకున్నారు, పిల్లల మనసుల్లో పగ ఎందుకు నాటతారు?" అంటారు కొందరు పెద్దమనుషులు. పేరు చెప్పటం పగ నాటటం ఎట్లా అవుతుంది? తాతల పేర్లు ఏడు తరాలదాకా చదువుకునేవాళ్లు మన తొమ్మిది పేర్లకే ఉలిక్కిపడటమెందుకు?

అయితే మనం చెయ్యాల్సిందీ ఉంది. చనిపోయిన తీరే చెప్పుకుంటూ పోతే వాళ్లు బతికిన తీరు మరుగున పడిపోతుంది. ఒక్కొక్కరు ఏం చదివారు, ఏ పని చేశారు, ఏ పాట పాడేవారు, ఎవరితో చెలిమి? ఇది తెలిసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. అప్పుడు ముప్పై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. అప్పుడు అరవై ఉన్నవాళ్లు చాలామంది లేరు. ఒక్కో ముసలమ్మ పోయినప్పుడల్లా ఒక్కో పుస్తకం మట్టిలో కలుస్తోంది.

అందుకని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కార్యకర్తలకు మా మాట ఇది. చదువుకునే పిల్లలను ఇద్దరేసి జట్లుగా చేసి, తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి పెద్దవాళ్ల దగ్గరకు పంపండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకోమనండి. చెప్పటం ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టొద్దు. ఆగస్టు 6న బళ్లో ఒప్పుకుంటే బళ్లో, లేకుంటే అంబేడ్కర్ బొమ్మ దగ్గర, తొమ్మిది పేర్లూ పైకి చదవండి. చుండూరులో వాళ్లను పాతిపెట్టిన చోటికి జనం రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకుపోండి.

రేపు ఏ పిల్లకైనా పరీక్షలో 1991లో చనిపోయిన ప్రముఖులు ఎవరని ప్రశ్న వస్తే, అచ్చు పుస్తకంలో ఉన్న జవాబు రాసి మార్కులు తెచ్చుకోనివ్వండి. పుస్తకంలో లేని జవాబు కూడా ఆ పిల్లకు నోటికొచ్చి ఉండాలి. అది నేర్పటం మన పని.

జై భీమ్.